అవ్వ గిన్నె, మెర్సీ ఫోను

మా తమ్ముడు బొగ్గు గని నుంచి రిటైరయ్యాడు. ఇక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. "నువ్వొస్తెనే తేలుతది అక్కా, ఏది ఉంచాలెనో ఏది పారెయ్యాలెనో నాకు సమజైతలేదు" అని ఫోను చేస్తే హైదరాబాదు నుంచి గోదావరిఖనికి బయల్దేరి వచ్చాను. వాడికి తెలియనిదేమిటంటే, ఆ విషయం నాకు అంతకంటే తెలియదు. పత్రికలో సబ్ ఎడిటర్‌గా కూర్చుని బతుకంతా ఇంకొకరి వాక్యాలు కొట్టేసిన దాన్నే గానీ, విరిగిన కుర్చీ ముందు నిలబడితే మాత్రం చేతులు రావు. రెండు రోజులు అలా దుమ్ములో తిరుగుతుంటే మూడో రోజు అటక మీంచి తమ్ముడు ఒక ఇత్తడి గిన్నె దించాడు. మూత ఉంది, పక్కన సొట్ట ఉంది, కాడకు కట్టిన గుడ్డ పేలిక నల్లగా ఎండిపోయి ఉంది. "గిది పాత సామాన్లకు ఇద్దామా?" అన్నాడు. ఒంటికాలి మీద లేచాను. "అవ్వ గిన్నెరా అది! నీకు కండ్లు దొబ్బినయా?" వాడు దాన్ని మళ్ళీ చూసి, నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

అవ్వ అంటే మా అమ్మ. మేము అలాగే పిలిచేవాళ్ళం. నాన్నని బాపు అనేవాళ్ళం. బాపు గనిలో పని చేయలేదు. ఆయన పేపర్ ఏజెంటు. ఆ రోజుల్లో ఏజెన్సీ తీసుకున్నవాడే ఆ ఊరికి విలేకరి కూడా. తెల్లవారకముందే బస్టాండుకి వెళ్ళి పేపర్ల కట్టలు దించుకుని వచ్చేవాడు. కట్టలు విప్పగానే వచ్చే సిరా వాసన, అవ్వ వాకిట్లో రాజేసిన బొగ్గు పొయ్యి పొగ, రెండూ కలిసిన వాసనలోనే నేను నిద్ర లేచేదాన్ని. కాలనీలో అందరి పొయ్యిలూ ఒకేసారి రాజుకునేవి. ఆ పొగలో ఎదురింటి మనిషి కూడా కనిపించేవాడు కాదు, దగ్గు మాత్రం వినిపించేది. సాయంత్రం బాపు చాప మీద బోర్లా పడుకుని వార్తలు రాసేవాడు. అవ్వ మైదాతో జిగురు కాచేది. పాత పేపరుతో కవరు చేసి, మీద ఎర్ర సిరాతో 'అర్జంటు' అని రాసి, కరీంనగర్ పోయే బస్సు కండక్టర్ చేతికి ఇవ్వడంతో బాపు రోజు ముగిసేది. అర్జంటు కాని కవరు ఒక్కటీ మా ఇంటి నుంచి పోలేదు. రేషన్ షాపు దగ్గర లైను పెరిగిందన్నా అర్జంటే.

నిజంగా అర్జంటైన వార్త మాత్రం సైరన్‌తో వచ్చేది. షిఫ్టు మారే వేళకి కూసే సైరన్‌ని ఎవరూ పట్టించుకోరు. అది వేళ కాని వేళ కూసిందంటే మాత్రం కాలనీలో చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. బాపు సైకిల్ తీసి గని వైపు పోయేవాడు. ఎవరు పోయారో తెలుసుకుని, గేటు దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చి, ముందు అవ్వకి చెప్పేవాడు. అవ్వ అడిగే ప్రశ్న ఒకటే: "ఇంట్ల ఎంతమంది?" దాన్నిబట్టి బియ్యం ఎసట్లో పోసేది. అన్నం, పప్పు ఆ ఇత్తడి గిన్నెలో సర్దుకుని, కొంగు నడుముకి చుట్టి ఆ ఇంటికి పోయేది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. తెలిశాక ఆ ఆడమనిషి ఎన్ని పూటలు తినకుండా పడి ఉంటుందో దేవుడికెరుక. అందుకని అవ్వ ఏమీ చెప్పకుండా ముందు పిల్లలకి పెట్టేది, తర్వాత ఆమె చేత బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించేది. చేయి కడిగాక చెప్పేది. మామూలు రోజుల్లో మా క్రైస్తవుల ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టని వాళ్ళు ఆ రోజు ఆ ముద్ద తిన్నారు. గిన్నె ఎవరిదని అడిగే తీరిక అప్పుడు ఎవరికి ఉంటుంది?

అవ్వ తిరిగి వచ్చేదాకా బాపు కవరు అతికించేవాడు కాదు. ఇది మా ఇంటి కట్టుబాటు. దీని మీదే మా ఇంట్లో జరిగిన కొట్లాటలన్నీ. బస్సు పోతుంది. కండక్టర్ ఎంతసేపు ఆగుతాడు పాపం? బాపు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడు. అవ్వ రాగానే "బస్సు పాయె! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? రేపు అవుతలి పేపర్ల వస్తది, మన పేపర్ల రాదు. నన్ను పనిల నుంచి తీసేస్తరు" అని అరిచేవాడు. అవ్వ కాళ్ళు కడుక్కుంటూ "తియ్యనియ్యి. పేపరు చూసి తెల్సుకునుడు కంటె నా నోట తెలిసుడు మంచిది గదా" అనేది. బాపు గొణుక్కుంటూ కవరుకి జిగురు రాసేవాడు. ఆయన వార్త ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం. డెస్కు వాళ్ళు తిట్టేవారు, అవతలి పత్రిక విలేకరి నవ్వేవాడు. నేను పెద్దయి అదే వృత్తిలోకి వచ్చాక, కొత్తగా చేరిన పిల్లలందరికీ బాపు కథ గర్వంగా చెప్పేదాన్ని. తొందరపడకపోవడం కూడా విలేకరి లక్షణమే అని పెద్ద పెద్ద మాటలు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పగలనా అంటే, ఏమో.

ఇంకొకటి కూడా ఉంది, ఆ కొత్త పిల్లలకి నేను చెప్పనిది. అవ్వ గిన్నె సంగతి కాలనీ అంతటికీ తెలిసిపోయింది. ఒకసారి రెండు వీధుల అవతల ఎవరో బాలింతకి అవ్వ అదే గిన్నెలో కారప్పొడి అన్నం తీసుకుని బయల్దేరింది. దారి పొడవునా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడిపోయారు. మూలమీద ఇల్లున్న ఒకావిడ అవ్వ తన వాకిలి వైపు తిరిగిందనుకుని, అవ్వ నోరు తెరవకముందే గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు లోపల మంచం మీద నిద్రపోతున్నాడు! ఆ తర్వాత అవ్వ మామూలు పనులకి ఆ గిన్నె తీయలేదు. మా ఇంట్లో ఇంకో అలవాటు కూడా మొదలైంది. చావు ఇళ్ళలో అవ్వ అనే మాట అదే కాబట్టి, అన్నం వేళకి ఎవరూ "ముందు తిను" అనరు. "బువ్వ పెట్టన్నా?", "తింటవా?", ఇలాంటివే. ఏదైనా మాట్లాడబోతుంటే ఆపి "ముందు తిను" అంటే మాత్రం ఎవరో పోయారన్నట్టే. నేను కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఒక మధ్యాహ్నం అవ్వ హాస్టల్ గేటు దగ్గర ఆ గిన్నెతో నిలబడి ఉంది. బాపు అంతకుముందు రోజు బస్టాండులో కవరు ఇస్తూ ఇస్తూనే కూలిపోయాడు. నాకది ఎవరూ చెప్పలేదు. గిన్నె చూశాను, తెలిసిపోయింది. అయినా "ముందు తిను బిడ్డా" అంటే ఆ మెట్ల మీద కూర్చుని తిన్నాను. ఆ పప్పులో ఉప్పు ఎక్కువైంది. దాని సంగతి అవ్వకి ఎప్పుడూ చెప్పలేదు.

ఈ కథలన్నీ వింటూ పెరిగింది మా తమ్ముడి కూతురు మెర్సీ. అది ఇప్పుడు విలేకరి. విలేకరి అనే అంటుంది, నేనే ఒప్పుకోను. పత్రికా లేదు, డెస్కూ లేదు. ఒక ఫోను, రంగు కాగితం అంటించిన ఒక మైకు గొట్టం. యూట్యూబులో ఛానలు, కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో వార్తలు. రామకృష్ణాపూర్, నస్పూర్ నుంచి కొత్తగూడెం దాకా గని కార్మికుల ఇళ్ళలో దాని గొంతు అందరికీ తెలుసు. అటక సర్దుతూనే మేమిద్దరం వాదించుకున్నాం. "నువ్వు రాసింది దిద్దెటోళ్ళు ఎవలే?" అంటే "చూసెటోళ్ళే దిద్దుతరత్తా, కామెంట్లల్ల. నీ డెస్కు కంటె ఎక్కువ తిడ్తరు" అని నవ్వింది. బాపు కవరు, బస్సు, కండక్టర్, కరీంనగర్, నేను, మేమంతా దాని జేబులోనే ఉన్నామట. నాకు ఒళ్ళు మండింది. కొంచెం అసూయ కూడా కలిగిందేమో.

ఆ మధ్యాహ్నమే, పొద్దటి షిఫ్టు ముగిసిన కాసేపటికి, సైరన్ మోగింది. అది మోగాల్సిన వేళ కాదు. నేను పెరట్లో గిన్నె తోముతున్నాను. మెర్సీ స్కూటీ తీసి అప్పటికే వీధి దాటింది. నేను అక్కడే తోముతూ ఉండిపోయాను. ఈ వయసులో గేటు దాకా పరుగెత్తలేను కదా. కాసేపటికి ఫోను టింగుమంది. గనిలో ఒకచోట పైకప్పు కూలిందని మెర్సీ గ్రూపులో పెట్టింది, కింద ఒక ఫొటో. గేటు లోపల ఎవరో కార్మికుడు తీసి దానికి పంపిందట. అది బిళ్ళల బోర్డు. పనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళని గని దగ్గర బోర్డు కొక్కేనికి తగిలించి దిగుతాడు, పైకి వచ్చాక తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. పొద్దటి షిఫ్టు వాళ్ళు పైకి వచ్చేశారు, తర్వాతి షిఫ్టు ఇంకా దిగలేదు, అయినా ఫొటోలో రెండు బిళ్ళలు వేలాడుతున్నాయి. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే నంబర్లు కనిపిస్తాయి. ఇక్కడి ఆడవాళ్ళు పెళ్ళిరోజు మరిచిపోతారేమో గానీ మొగుడి బిళ్ళ నంబరు మరిచిపోరు.

పక్క క్వార్టర్ నుంచి లావణ్య కేక విన్నాను. ఆమె మొగుడు తిరుపతిది పొద్దటి షిఫ్టే. నేను గబగబా బయటికి వచ్చేసరికి లావణ్య చేతిలో ఫోను పట్టుకుని "ఆయన నంబరే అక్కా, ఆయన నంబరే" అంటోంది. అత్తగారు రాజవ్వ మాత్రం గట్టి మనిషి. కోడల్ని గద్దిస్తోంది. "ఊకో! గా ఫోన్లల్ల అన్నీ అబద్ధాలే వస్తయి. నేను సచ్చిపోయిన్నని పెట్టలే, అదొక్కటే తక్కువ. నా కొడుక్కేం గాలే." అంతలో ఆమె నా వైపు తిరిగింది. చూపు నా ముఖం మీద నిలవలేదు. నా చేతుల మీద నిలిచింది. తోముతూ తోముతూ లేచి వచ్చానేమో, తడి కారుతున్న అవ్వ గిన్నె నా రెండు చేతుల్లో ఉంది.

"నీ చేతుల గదేంది?" అంది రాజవ్వ. గొంతు మారిపోయింది. "అయ్యో కొడుకా!" అని అక్కడికక్కడే మట్టిలో కూలబడింది. కాదు రాజవ్వా, తోముతున్న అంతే, ఉత్త గిన్నె చూడు అని మూత తీసి చూపిస్తున్నాను. ఎవరు చూస్తారు? అంతవరకు ఫోన్లు అబద్ధమాడతాయన్న మనిషే, నా గిన్నె చూసి నమ్మేసింది. వీధి వీధంతా పోగయింది. ఫొటో చూసి వచ్చినవాళ్ళు సగం, గిన్నె చూసి వచ్చినవాళ్ళు సగం.

తిరుపతి ఆ గుంపులోకే బైకు మీద వచ్చాడు. హ్యాండిల్‌కి కోడికూర కవరు వేలాడుతోంది. "ఏమైంది? ఎవలకేమైంది?" అని అందరి ముఖాలూ చూస్తున్నాడు. కప్పు కూలకముందే పైకి వచ్చి, బావమరిది వస్తున్నాడన్న తొందరలో బిళ్ళ తీసుకోవడం మరిచి, చికెన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడ్డాడట. ఫోనులో చార్జింగ్ లేదు. లావణ్య వాడి వీపు మీద రెండు చేతులతో బాదింది. బాదుతూనే ఏడ్చింది. రాజవ్వ లేవలేదు. కొడుకు కాలు పట్టుకుని అలాగే కూర్చుంది. వాళ్ళని చూస్తుంటే నాకు మెర్సీ మీద పట్టరాని కోపం వచ్చింది. బాపు అయితే ఇలా చేసేవాడా? ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "తీసెయ్! జల్ది తీసెయ్! ఒక ముసలామె పానం పోయేదుండె ఇక్కడ. ఇంటికి చెప్పకుండ నంబరు పెడ్తవా? ఎవలు నేర్పిన్రే నీకు?" అవతల గోలలో దాని గొంతు చిన్నగా వినిపించింది. "సరే అత్తా. తీసేస్తున్న." తీసేసింది. తిరుపతి క్షేమం అని కూడా పెట్టింది.

గేటు దగ్గర సంగతి మెర్సీ తర్వాత చెప్పింది. తిరుపతి దొరికాడని తెలియగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండో బిళ్ళ ఓదెలుది. ఒంటరి మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. వాడు కూడా బిళ్ళ మరిచి ఎక్కడో కల్లు తాగుతూ ఉంటాడన్నారు. ఇక్కడ ఎవరిని అడిగినా అదే అనేవారు, ఎందుకంటే బిళ్ళ మరిచిపోవడం ఇక్కడ రోజూ ఉండేదే. వాడికి ఫోను చేస్తే స్విచాఫ్ అని వస్తోంది. చార్జింగ్ లేదేమో, తిరుపతిలాగే. మా వీధిలోనూ అదే మాట, నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. రెస్క్యూ వాళ్ళు కూడా పైకి వచ్చేశారు, గుంపు పలచబడుతోంది. అప్పుడు మెర్సీకి రామకృష్ణాపూర్ నుంచి ఫోను వచ్చింది. అది పెట్టే ప్రతి ఫొటో మూలన దాని ఫోను నంబరు ఉంటుంది. చేసింది ఓదెలు అక్క సమ్మక్క. తీసేసిన ఫొటోనే, తీసేయకముందు ఎవరో ఎవరికో పంపితే, వాళ్ళు ఇంకెవరికో పంపితే, మొత్తానికి ఆమె చేతికి చేరింది.

"బిడ్డా, నువ్వు ఎవలవో నాకు తెల్వది. మా తమ్ముడు పని అయిపోయి పైకి రాంగనె నాకు ఫోన్ జేస్తడు. డ్యూటీ దిగిన్నక్కా అని ఒక్క మాట అంటడు, పెట్టేస్తడు. వాని పెండ్లాం పోయిన కాన్నుంచి ఒక్కనాడు తప్పలే. ఇయ్యాల జెయ్యలే. వాడు లోపల్నే ఉన్నడు. జెర జెప్పు బిడ్డా, నీ కాల్మొక్త." మెర్సీ ఫోను స్పీకర్లో పెట్టి గుంపులోంచి తోసుకుని పోయి అక్కడున్న పెద్దసారు ముఖం ముందు పెట్టిందట. "సార్, మీరే మాట్లాడుండ్రి" అందట. ఇంకో చేత్తో ఎవరిదో ఫోను లాక్కుని లైవ్ మొదలుపెట్టింది. పోయిన జనం తిరిగి వచ్చారు. రెస్క్యూ వాళ్ళు మళ్ళీ దిగారు. పొద్దు గుంకకముందే ఓదెలుని పైకి తెచ్చారు. కాలు నలిగిపోయింది, ప్రాణం ఉంది. దవాఖానకి తీసుకుపోతుంటే సమ్మక్క ఫోనులోనే "దిగిన్నని చెప్పురా, చెప్పు" అని అంటూ ఉందట. వాడు "దిగిన్నక్కా" అన్నాడట. ఇది చెప్తూ మెర్సీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఏడ్చాక మాత్రం కూర్చుని లెక్క తేల్చుకుందామంటే ఒక్కటీ తేలడం లేదు. మెర్సీ ఫొటో పెట్టకపోతే రాజవ్వ మట్టిలో పడేది కాదు. పెట్టకపోతే ఓదెలు పైకి వచ్చేవాడు కాదు. నేను తీసేయమన్నాను, అది తీసేసింది, అయినా ఫొటో దాని దారిన అది పోయింది. మేమంతా తిట్టుకునే ఆ ఫార్వర్డే సమ్మక్కని చేరింది. బాపు ఆ రోజు గేటు దగ్గర ఉంటే ఏం చేసేవాడు? ఇంటికి చెప్పేదాకా కవరు అతికించేవాడు కాదు. ఓదెలుకి ఇల్లెక్కడుంది? ఎవరికి వండి పెడుతుంది మా అవ్వ? ఇలా అనుకుంటే బాపుని తక్కువ చేస్తున్నానేమో అని భయం. అనుకోకపోతే ఆ మనిషి ప్రాణం కళ్ళ ముందు కనిపిస్తుంది. రాజవ్వని కూలదోసింది ఫోను కాదు కదా, నా చేతిలో గిన్నె. మరి ఆ రోజుల్లో ఎంతమంది గుండెలు ఆ గిన్నె చూసి జారాయో, అవ్వ ఎన్నడైనా వెనక్కి తిరిగి చూసిందా? చాలామంది కుర్రాళ్ళకి వార్త అంటే ఏమిటో నేర్పిన దాన్ని. నాకిప్పుడు ఏమీ తెలియదు.

మర్నాడు పొద్దున లావణ్య వచ్చింది, వెనకాల రాజవ్వ. మెర్సీ తల వంచుకుని నిలబడింది. లావణ్య గట్టిగానే అంది. "ఏమే మెర్సీ, పక్కింటిదాన్ని గదా నేను. ముందుగాల నాకొక్క ఫోన్ జెయ్యరాదా? నాకు జెప్పినంక ఊరికి జెప్పుకో. మళ్ళ గిట్ల జేస్తివంటె నీ గొట్టం ఇరగ్గొడ్త." రాజవ్వ మాత్రం నా వైపే చూసి, "ఆ గిన్నె ఇంట్ల దాచుకో అక్కా" అంది. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు సమ్మక్క ఫోను. దవాఖాన నుంచి. "బిడ్డా, నువ్వు సల్లగుండాలె. ఎవలేమన్నా ఇనకు. ఎవలికోసం ఆగకు. ఆగితె మా తమ్ముడు లేకుండె." మెర్సీ ఆ ఫోను పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుంది. పెద్ద మెత్తని ముఖం దానిది, అచ్చం బాపు ముఖం.

"అత్తా, ఇంకోసారి ఇట్లయితె ఏం జెయ్యాలె? లావణ్యక్క చెప్పింది కరెక్టే. సమ్మక్క చెప్పింది కరెక్టే. ఆగాల్నా, ఆగొద్దా? నువ్వు గింత పెద్ద పత్రికల జేసినవు గదా, చెప్పు." నిన్నటి నుంచి అది ఏమీ తినలేదు. నిద్రపోలేదు. గేటు దగ్గర గొడవలో గొంతు కూడా పోయింది. వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని వచ్చి దాని ముందు పెట్టాను. అది మళ్ళీ "చెప్పత్తా" అనబోయింది.

"ముందు తిను బిడ్డా" అన్నాను.

అన్నాక గానీ నాకు తెలియలేదు ఏమన్నానో. మెర్సీ చేయి కంచం మీద ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది, తెల్లగా పాలిపోయి. "అత్తా... ఎవలు పోయిన్రు?"

"ఎవ్వలు పోలేదే. ఉత్తగనే అన్న. అందరు మంచిగున్నరు, తిను" అని దాని తల నిమిరాను. అది నా మాట నమ్మలేదు. ఎడమ చేత్తో ఫోను తీసి, గ్రూపులన్నీ పైనుంచి కింది దాకా చూసుకుని, ఎక్కడా ఏమీ లేదని రూఢి చేసుకున్నాకే అన్నం కలిపింది.